తాళం చెవికి ముందు తరిఫీదు

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి, కమ్యుటేషన్ రికవరీ గురించి నాకంటే బాగా తెలిసిన పెద్దలు ఇంతకుముందే మాట్లాడారు. కార్యదర్శి గారు నాకిచ్చిన విషయం వేరు. "అరవై ఎనిమిదో ఏట మోటారు సైకిలు నేర్చుకుని, పరీక్ష పాసై, లైసెన్సు తీసుకున్నారట కదా! ఆ ముచ్చట చెప్పండి" అన్నారు. చెబుతాను. ఒట్టి ముచ్చటే అయితే మీ సమయం తీసుకునేవాణ్ణి కాదు. దాని వెనక మన పిల్లల ప్రాణాలున్నాయి. మనం ముప్ఫై, ముప్ఫై అయిదేళ్ళు సర్వీసు చేసి కూడబెట్టుకున్న నాలుగు రూపాయలున్నాయి. అందుకే నిలబడ్డాను.

మీలో చాలామందికి తెలుసు, నేను కోర్టు గుమాస్తాగా పనిచేసి 2009లో రిటైరయ్యాను. సర్వీసులో చాలాకాలం మోటారు ప్రమాదాల నష్టపరిహారం ఫైళ్ళు నా బల్ల మీదుగానే వెళ్ళేవి. వాటిని ఎం.వి.ఓ.పి.లు అంటాము. ఏ ఫైలు విప్పినా వరస ఒకటే. ఎఫ్.ఐ.ఆర్. నకలు, పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు లేదా గాయాల సర్టిఫికెట్టు, బ్రేక్ ఇన్‌స్పెక్టరు రిపోర్టు, ఆఖర్న ఇన్సూరెన్సు కంపెనీ వారి కౌంటరు. ఆ కౌంటర్లో తరచుగా కనిపించే వాక్యం ఒకటుంది. "ప్రమాద సమయానికి వాహనం నడిపిన వ్యక్తికి చెల్లుబాటయ్యే లైసెన్సు లేదు." ఒక్క వాక్యమే గాని, అది నిజమని తేలితే ఒక కుటుంబం తలకిందులైపోతుంది.

ఎలాగో చెబుతాను. బండికి ఇన్సూరెన్సు ఉంది కదా, ఏదైనా జరిగితే కంపెనీ చూసుకుంటుందని మనం ధీమాగా ఉంటాము. 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఈ సంగతి తేల్చి చెప్పింది. దెబ్బ తిన్న మూడో మనిషికి కంపెనీ ముందు డబ్బు కట్టాలి. కాని లైసెన్సు లేనివాడి చేతికి బండి ఇవ్వడంలో యజమాని తప్పుందని రుజువైతే, ఆ కట్టిన డబ్బంతా యజమాని దగ్గర రాబట్టుకోవచ్చు. భూమి శిస్తు బకాయి వసూలు చేసే పద్ధతిలోనే వసూలు చేయవచ్చు. రెవెన్యూలో పనిచేసిన మిత్రులకు దాని అర్థం వేరే చెప్పనక్కరలేదు.

ఒక ఫైలు నాకు ఇప్పటికీ గుర్తే. పేరూ ఊరూ చెప్పను. ఆయన కూడా మనవంటి రిటైర్డు ఉద్యోగే. బండి ఆయన పేరున ఉంది. ఇంటర్మీడియెట్ చదువుతున్న మనవడు దాని మీద కిరాణా కొట్టుకి వెళ్ళి వస్తూ, రోడ్డు దాటుతున్న ఒక కూలి మనిషిని గుద్దాడు. ఆ కూలీకి నలుగురు పిల్లలు. కోర్టు నష్టపరిహారం ఇచ్చింది, కంపెనీ కట్టింది, కట్టిన మర్నాటి నుంచి తాతగారి మీద వసూలుకి దిగింది. ఆయన కోర్టు వరండాలో కూర్చుని, "బండి నేను నడపలేదు కదా బాబూ!" అని వచ్చిపోయే ప్రతి గుమాస్తానీ అడిగేవారు. నడిపినవాడితో పాటు తాళం చెవి ఇచ్చినవాడు కూడా బాధ్యుడేనని ఆయనకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. మన పెన్షన్‌ని జప్తు చేయకూడదని సివిల్ ప్రొసీజర్ కోడు 60వ సెక్షను చెబుతుంది, నిజమే. కాని గ్రాట్యుటీ డబ్బుతో కొనుక్కున్న ఇంటి స్థలానికి ఆ రక్షణ లేదు. ఆయన స్థలం పోయింది.

ఇంకొక మాట. బండి యజమానికి 15 లక్షల రూపాయల వ్యక్తిగత ప్రమాద బీమా ఉండాలని 2018లో నిబంధన వచ్చింది. ఆ డబ్బు రావాలన్నా నడిపే యజమానికి చెల్లుబాటయ్యే లైసెన్సు ఉండాలి. అంటే లైసెన్సు లేకపోతే ఎదుటివాడికి మనం కట్టుకోవాలి, మనకు రావలసింది మాత్రం రాదు.

ఇక నా సంగతి. నేను పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి సైకిలు మనిషిని. సర్వీసంతా సైకిలు మీదా, బస్సు మీదా గడిచిపోయింది. చీపురుపల్లిలో ఇల్లు కట్టుకున్నాక మా ఆవిడకి మోకాళ్ళు పట్టేశాయి. ఆస్పత్రికి, బ్యాంకుకి, పెళ్ళికి, పేరంటానికి ఆటో కోసం చూడడం, రాని బస్సు కోసం నిలబడడం మొదలయింది. పిల్లలు దూరాన ఉన్నారు. "నువ్వే ఒక బండి నేర్చుకోరాదూ!" అని మా ఆవిడే అంది. 2019లో సరేనన్నాను.

మా వీధిలో కుర్రాళ్ళు "రండి తాతగారూ, రెండు రోజుల్లో నేర్పేస్తాం" అన్నారు. వాళ్ళ ప్రేమకి నమస్కారం పెట్టి, విజయనగరంలో ఒక డ్రైవింగ్ స్కూల్లో చేరాను. ఎందుకంటే నేను చూసిన ఫైళ్ళలో చనిపోయిన కుర్రాళ్ళందరూ బండి "వచ్చిన" వాళ్ళే. బండి రావడం వేరు, రోడ్డు రావడం వేరు.

ముందు ఎల్.ఎల్.ఆర్. తీసుకోవాలి. నలభై దాటినవారు డాక్టరు సర్టిఫికెట్టు కూడా పెట్టాలి. కంప్యూటరు ముందు కూర్చోబెట్టి రోడ్డు గుర్తుల మీద, నిబంధనల మీద ప్రశ్నలడుగుతారు. తెలుగులోనే రాయవచ్చు. కనీసం 60 శాతం రావాలి. డిపార్ట్‌మెంటల్ టెస్టులు రాసిన మనకు అదొక లెక్కా? ఎల్.ఎల్.ఆర్. ఆరు నెలలు చెల్లుతుంది. ముప్ఫై రోజులు గడిచాక అసలు పరీక్షకి వెళ్ళవచ్చు. ఆ లోగా బండికి ఎర్రటి 'ఎల్' అక్షరం ఉండాలి, వెనక నేర్పే మనిషి తప్ప ఇంకొకరిని ఎక్కించుకోకూడదు.

పన్నెండు రోజులు తెల్లవారి ఆరింటికి మైదానంలో తరిఫీదు. మా మాస్టారికి ముప్ఫై ఏళ్ళుంటాయేమో. మొదటి రోజు ఇంజను స్టార్టు చేయనివ్వలేదు. బండిని తోసుకుంటూ నడవమన్నాడు, స్టాండు వేయమన్నాడు, తీయమన్నాడు. "తాతగారూ, ముందు దీని బరువు మీ చేతికి తెలియాలి" అన్నాడు. రెండో రోజు క్లచ్చి. నడిచేవాడికంటే నెమ్మదిగా బండిని కదిలించమన్నాడు. వేగంగా ఎవడైనా పోతాడు, నెమ్మదిగా పోయేవాడికే బండి మీద అదుపున్నట్టు లెక్క అన్నాడు.

నాలుగో రోజున బ్రేకుల పాఠం. మనలో ఎక్కువమంది నమ్మకం ఏమిటి? ముందు బ్రేకు పట్టుకుంటే బండి పల్టీ కొడుతుందని, వెనక కాలి బ్రేకే తొక్కాలని. మాస్టారు నవ్వి, "అలాగైతే కంపెనీ వాడు ముందు చక్రానికి బ్రేకు ఎందుకు పెట్టేడండీ?" అన్నాడు. బ్రేకు వేసినప్పుడు బండి బరువు ముందుకి వాలుతుంది. అందుకని ఆపే శక్తిలో ఎక్కువ భాగం ముందు చక్రానిదే. రెండూ కలిపి, ముందుది మెల్లగా బిగిస్తూ పట్టాలి. మలుపులో ఉండగా గట్టిగా పట్టకూడదు. మలుపుకి ముందే వేగం తగ్గించుకోవాలి. 2019 ఏప్రిల్ నుంచి అమ్మే కొత్త బండ్లలో 125 సి.సి. వరకు రెండు బ్రేకులూ కలిసి పడే ఏర్పాటు గాని, ఆ పైవాటికి చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏ.బి.ఎస్. గాని ఉండాలని నిబంధన పెట్టారు. అంటే ప్రభుత్వం కూడా మాస్టారి మాటే అన్నదన్నమాట.

తరవాత దూరం లెక్క నేర్పాడు. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో ఒక్క సెకనుకి 11 మీటర్లు పోతాము. 60లో అయితే దాదాపు 17 మీటర్లు. ఎదురుగా గేదె అడ్డమొచ్చిందని కన్ను చూసి, బుర్రకెక్కి, చెయ్యి బ్రేకు మీద పడేసరికే ఆ సెకను అయిపోతుంది. మన వయసులో ఇంకాస్త ఎక్కువే పడుతుంది. అందుకని ముందు బండికీ మనకూ మధ్య ఎడం ఉంచుకోవాలి.

ఇక మన రోడ్ల పాఠం. కోతల రోజుల్లో ధాన్యం, మొక్కజొన్న రోడ్డు మీదే ఆరబోస్తారు. నాగావళి, వంశధార ఇసుక లారీల నుంచి మలుపుల దగ్గర ఇసుక జారి ఉంటుంది. తొలకరి చినుకుకి రోడ్డు మీది నూనె తేలి జారుతుంది. వీటి మీదకి వెళ్ళాక బ్రేకు పట్టకూడదు, వెళ్ళకముందే నెమ్మదించాలి. ఇచ్ఛాపురం నుంచి పలాస, టెక్కలి, నరసన్నపేట, శ్రీకాకుళం, రణస్థలం మీదుగా పోయే 16వ నంబరు జాతీయ రహదారి మీద మరీ జాగ్రత్త. అవతల సందు దాకా వెళ్ళి తిరిగి రావడానికి బద్ధకించి, అంచునే ఎదురు దిక్కులో వచ్చేవాళ్ళు ఎందరో! ఆదా అయ్యేది రెండు నిమిషాలు. ఎదురొచ్చే లారీకి మాత్రం మీరు అక్కడ ఉంటారన్న ఊహే ఉండదు.

ముప్ఫై రోజులు నిండాక పరీక్ష. మైదానంలో ఎనిమిది అంకె గీసి ఉంటుంది. కాలు నేల మీద పెట్టకుండా దాని మీద తిరగాలి. సిగ్నలు చూపాలి, చెప్పిన చోట ఆపాలి. నాతో పాటు వచ్చిన కుర్రాళ్ళలో ఇద్దరు కాలు పెట్టేశారు. రోడ్డు మీద రివ్వున పోయేవాళ్ళకి ఆ మెల్లని మలుపు చేత కాలేదు. నేను తిరిగి వచ్చి ఆపాక బ్రేక్ ఇన్‌స్పెక్టరు గారు నా కాగితంలో వయసు మళ్ళీ చూసి, "ఎక్కడ నేర్చుకున్నారండీ?" అని మాత్రం అడిగారు. ఎన్నాళ్ళ నుంచి నడుపుతున్నారు అనలేదు. ఆ ప్రశ్నలోనే నా ఉపన్యాసం అంతా ఉంది.

ఎక్కడ నేర్చుకున్నాము? మనం సాధారణంగా బావమరిది దగ్గర, పక్కింటి గుంటడి దగ్గర నేర్చుకుంటాము. ఇది మన దేశపు అలవాటే కాదు. అమెరికాలో హ్యారీ హర్ట్ అనే ఆచార్యుడు లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో 900 మోటారు సైకిలు ప్రమాదాలను జరిగిన చోటికే వెళ్ళి పరిశీలించి, 1981లో నివేదిక ఇచ్చాడు. ప్రమాదంలో పడ్డవారిలో 92 శాతం మంది సొంతంగానో, ఇంట్లోవాళ్ళ దగ్గరో, స్నేహితుల దగ్గరో నేర్చుకున్నవారేనట. ఆపద వచ్చినప్పుడు ముందు బ్రేకు సరిగ్గా వాడనివారే ఎక్కువట. మా మాస్టారు ఆ నివేదిక చదివి ఉండడు, కాని చెప్పింది అదే.

ఆ దేశంలో 1973లో మోటార్ సైకిల్ సేఫ్టీ ఫౌండేషన్ అనే సంస్థ పుట్టింది. వారు నిర్ణయించిన భద్రతా శిక్షణ పూర్తి చేస్తే చాలా రాష్ట్రాల్లో లైసెన్సు ఆఫీసువారు మళ్ళీ బండి పరీక్ష పెట్టరు. మా అన్నగారి మనవడు అక్కడ అలాగే తీసుకున్నాడు. శని, ఆదివారాలు తరిఫీదు, ఆఖర్న అక్కడే పరీక్ష. వాడు ఫోన్లో చెబుతుంటే, మనవాడికి బండి నడపడం ముందే వచ్చు కదా, మళ్ళీ శిక్షణ ఎందుకన్నారు మా వదినగారు. "వచ్చనుకున్నాను నానమ్మా" అన్నాడు వాడు.

మన దేశంలో కూడా 2021 జూలై 1 నుంచి అటువంటి ఏర్పాటుకి నియమాలు వచ్చాయి. ప్రభుత్వ గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రంలో కోర్సు పూర్తి చేసి పాసైనవారికి రవాణా కార్యాలయంలో డ్రైవింగ్ పరీక్ష మినహాయింపు ఉంటుంది. మామూలు డ్రైవింగ్ స్కూలు సర్టిఫికెట్టుకి ఆ మినహాయింపు లేదు, పరీక్షకి వెళ్ళాలి. మినహాయింపు ఉన్నా లేకపోయినా తరిఫీదు మానవద్దు. మన భాషలో చెప్పాలంటే తరిఫీదు సర్వీసు వంటిది, లైసెన్సు పెన్షన్ ఆర్డరు వంటిది. సర్వీసు చేయకుండా ఆర్డరు సంపాదిస్తే అది ఎప్పటికైనా ఆడిట్లో దొరుకుతుంది. రోడ్డు మీద జరిగే ఆడిట్‌కి సంజాయిషీ రాసుకునే గడువు ఉండదు.

మన పల్లెల్లో ఉన్న రెండు అపోహలు తొలగించాలి. మొదటిది, టి.వి.ఎస్. ఎక్సెల్ బండికి లైసెన్సు అక్కరలేదని. ఇది తప్పు. పదహారేళ్ళ పిల్లలకి చట్టం అనుమతించేది గేరు లేని, 50 సి.సి. మించని బండి, అదీ లైసెన్సు తీసుకున్నాకే. ఇప్పుడు తిరుగుతున్న ఎక్సెల్ 100 బండి దాదాపు 100 సి.సి.ది. దానికి పద్దెనిమిదేళ్ళు నిండాలి, లైసెన్సు ఉండాలి. రెండోది, కరెంటు స్కూటర్లకి ఏమీ అక్కరలేదని. మోటారు శక్తి 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉండే చిన్నవాటికే ఆ మినహాయింపు. మిగతావాటికి లైసెన్సు, రిజిస్ట్రేషను అన్నీ కావాలి.

2019 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ చట్టంలో 199ఎ అనే సెక్షను ఉంది. తాతలూ, నాయనమ్మలూ దీన్ని బాగా వినాలి. మైనరు బండి నడిపి నేరం జరిగితే, సంరక్షకుడు లేదా బండి యజమాని దోషి అనే చట్టం భావిస్తుంది. తనకు తెలియకుండా జరిగిందని మనమే రుజువు చేసుకోవాలి. శిక్ష మూడేళ్ళ వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషను పన్నెండు నెలలు రద్దు. ఆ పిల్లవాడికి ఇరవై అయిదేళ్ళు నిండేదాకా లైసెన్సు ఇవ్వరు. సిరిమానోత్సవానికి, రథసప్తమికి "ఒక్కసారి తాతా, అరసవిల్లి వెళ్ళి వచ్చేస్తాం" అని ముగ్గురు గుంటలు తాళం చెవి అడిగినప్పుడు ఈ మాట గుర్తు చేసుకోండి. కాదంటే వాళ్ళు ఒక పూట అలుగుతారు. అలిగినవాడు రాత్రి అన్నం వేళకి ఇంట్లోనే ఉంటాడు.

హెల్మెట్ సంగతి. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారు 44.5 శాతం. హెల్మెట్ పెట్టుకోకుండా పోయినవారు 50,029 మంది. వారిలో వెనక కూర్చున్నవారు 14,337. ఈ రెండో అంకె కోసమే చెబుతున్నాను. వెనక కూర్చునేది మన ఆడవాళ్ళు. మగవాడి తలకి హెల్మెట్, ఆవిడ తల మీద కొంగు! చట్టం ఇద్దరికీ ఒకటే. 2021 జూన్ నుంచి ఐ.ఎస్.ఐ. గుర్తు లేని హెల్మెట్ అమ్మడం నిషేధం. కొనేటప్పుడు గుర్తు చూడండి, గెడ్డం కింద పట్టీ బిగించండి. బండికి చీర గార్డు ఉందో లేదో చూసుకోండి. మా ఆవిడ మొదట్లో "నాకెందుకీ బుర్ర మీద కుండ" అంది. ఇప్పుడు హెల్మెట్ పెట్టుకుని గుమ్మంలో నా కంటే ముందు నిలబడుతుంది.

నాలుగేళ్ళ లోపు పసివాళ్ళని బండి మీద తీసుకెళ్ళేటప్పుడు నడిపేవారికి కట్టే రక్షణ బెల్టు ఉండాలని, తొమ్మిది నెలలు నిండినవారికి హెల్మెట్ పెట్టాలని, వేగం 40 దాటకూడదని 2023 ఫిబ్రవరి నుంచి నిబంధన ఉంది. మనవల్ని బడిలో దింపే తాతలు గమనించాలి.

ఆఖరుగా మన వయసు గురించి. యాభై అయిదు దాటినవారికి లైసెన్సు అయిదేళ్ళకే ఇస్తారు. ఇదివరకు గడువు తీరాక ముప్ఫై రోజులు చెల్లేది, ఇప్పుడు ఆ సౌకర్యం లేదు. గడువు తీరిన మర్నాడు మీరు లైసెన్సు లేనివారి కిందే లెక్క. గడువుకి ఏడాది ముందు నుంచే రెన్యువల్ చేయించుకోవచ్చు. తీరిన తరవాత ఏడాది దాటితే మళ్ళీ పరీక్ష. లైఫ్ సర్టిఫికెట్టు తేదీ రాసుకునే క్యాలెండరు మీదే ఈ తేదీ కూడా రాసుకోండి.

నేను 2024లో రెన్యువల్ చేయించుకున్నాను. డాక్టరు గారు కళ్ళు చూశారు, బి.పి. చూశారు, మెడ రెండు పక్కలకీ తిప్పమన్నారు. మెడ తిరగకపోతే వెనక వచ్చేది కనిపించదు కదా! నాకు నేను కొన్ని నియమాలు పెట్టుకున్నాను. దీపాలు పెట్టే వేళ దాటితే బండి తీయను. నిద్ర వచ్చే మాత్ర వేసుకున్న రోజున తీయను. హైవే ఎక్కను. ఏడాదికొకసారి మైదానంలో ఆ ఎనిమిది మళ్ళీ తిరిగి చూసుకుంటాను. కాలు నేల మీద పడిన రోజున తాళం చెవి మా ఆవిడ చేతిలో పెట్టేస్తానని మాట ఇచ్చాను. డెబ్భై నాలుగేళ్ళవాడికి అందులో చిన్నతనం ఏమీ లేదు. ఉద్యోగం నుంచి గౌరవంగా దిగినవాళ్ళం, బండి మీద నుంచి కూడా గౌరవంగా దిగగలం.

మన సంఘానికి నాదొక విన్నపం. ఏడాదికొకసారి జనవరిలో రోడ్డు భద్రతా మాసోత్సవాలు జరుగుతాయి. ఆ రోజుల్లో సంఘం తరఫున రవాణా శాఖవారిని పిలిచి, సభ్యులకీ, వారి మనవలకీ ఒక పూట శిక్షణ పెట్టించండి. కంటి పరీక్ష కూడా అదే రోజున ఏర్పాటు చేయవచ్చు. ఖర్చుకి నా వంతు చందా ఇప్పుడే కోశాధికారి గారికి ఇస్తున్నాను. ఈ మధ్యాహ్నం ఇళ్ళకి వెళ్ళాక మీ బండి కాగితాలు తీసి లైసెన్సు, ఇన్సూరెన్సు తేదీలు చూసుకోండి. తాళం చెవి ఎక్కడ తగిలించి ఉందో, ఎవరి చేతికి అందుతోందో కూడా చూసుకోండి.

 భోజనాలు సిద్ధంగా ఉన్నాయంటున్నారు. సెలవు తీసుకుంటాను.